ఏడు కంప్యూటర్లు, ఒక లాప్‌టాప్, ఎదుర్లంక వంతెన

మా బాబాయ్‌కి మురమళ్ళలో కంప్యూటర్ సెంటర్ ఉంది. సెంటర్ అంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. మేడ మీద ఒక గది, గోడకి ఆనించిన బల్లలు, ఒక సీలింగ్ ఫ్యాను. టైపింగ్, ఎమ్మెస్ ఆఫీసు, ట్యాలీ నేర్పుతాడు. కరోనాకి రెండేళ్ళు మూతపడి, 2022 వేసవిలో మళ్ళీ తెరుద్దామనుకున్నాడు. మూసేస్తున్న ఒక నెట్ సెంటర్ నుంచి ఏడు పాత కంప్యూటర్లు, వాటితోపాటు ఎనిమిది పోర్టుల స్విచ్చి, కట్ట కట్టిన లాన్ కేబుళ్ళు చవగ్గా కొన్నాడు. ఆ డబ్బులు ఎక్కడివంటే, జూన్ బ్యాచికి పద్నాలుగు మంది పిల్లల దగ్గర ముందే తీసుకున్న ఫీజులు.

ఇంటికొచ్చాక ఆన్ చేస్తే నాలుగు నీలం తెర వేశాయి. మిగతా మూడింట్లో విండోస్ వచ్చింది గానీ, మౌస్ కదిపితే బాణం గుర్తు కదలడానికి ఒక టీ తాగి రావచ్చు. అన్నీ వైరస్సులే. పిన్ని ఒక్కటే మాట అంది, "ఆ డబ్బాలు ఇనప సామాన్ల వాడికి వేసేసి, పిల్లల డబ్బులు పిల్లలకిచ్చెయ్యండి" అని. బాబాయ్ ఏమీ అనలేదు. నా వైపు చూశాడు. ఇంట్లో సీఎస్‌ఈ చదివేది నేనొక్కదాన్నే మరి.

నిజం చెప్పాలంటే సెకండియర్ సెలవులకి వచ్చిన నాకు లినక్స్ అంటే ల్యాబ్‌లో కొట్టే పది కమాండ్లు. కాకపోతే నా లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఉంది, దాని ఐఎస్‌ఓ ఫైలు కూడా డిలీట్ చెయ్యకుండా ఉంచుకున్నాను. "బాబాయ్, లినక్స్ వేసేద్దాం, డబ్బులేం కట్టక్కర్లేదు" అన్నాను ధీమాగా. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఒక్కోదానికీ పెట్టుకుంటూ పోవడమే కదా అనుకున్నాను. ఆ మిషన్లు పెన్‌డ్రైవ్‌ని చూసీ చూడనట్టు ఊరుకున్నాయి. డీవీడీ డ్రైవులు ఒక్కటీ తెరుచుకోలేదు. బయోస్‌లో మిగిలిన దారి ఒక్కటే కనిపించింది: నెట్‌వర్క్ బూట్.

మన నెట్‌వర్క్స్ సిలబస్‌లో డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండు మార్కుల ప్రశ్నలు. అవి రెండూ కలిస్తే ఒక మిషన్‌కి ప్రాణం వస్తుందని మాత్రం మనకి ఎవరూ చెప్పరు. దీన్ని పీఎక్స్‌ఈ అంటారు, పలకడం "పిక్సీ". ఇంటెల్ వాళ్ళు 1999లో వెర్షన్ 2.1 రాశారు, అదే ఇప్పటికీ పాత బోర్డులన్నింట్లో ఉంది. దాని వెనకున్న టీఎఫ్‌టీపీ ఇంకా పాతది, 1981 నాటిది. డిస్కు లేని కంప్యూటర్లు బూట్ అవడానికి బూట్‌పీ అనే పద్ధతి 1985లో వచ్చింది. అప్పటికి మా బాబాయ్ రెండో తరగతి.

ఇది ఎలా పనిచేస్తుందో మా ఊరి లెక్కలో చెబుతాను. మురమళ్ళలో వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం. రోజూ ఎక్కడెక్కడి నుంచో మొక్కున్నవాళ్ళు వచ్చి బస్సు దిగుతారు. దిగగానే ఎవరినని కాదు, రోడ్డు మీద అందరికీ వినబడేలా "గుడెటండీ?" అంటారు. తెలిసినవాడు ఎవడో "ఇలా నేరుగా వెళ్ళండి, ఫలానా చోట టిక్కెట్టు ఇస్తారు" అంటాడు. పేరూ ఊరూ లేని కంప్యూటర్ కూడా అంతే. ఆన్ అవగానే కేబుల్ మీద అందరికీ వినబడేలా అరుస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ దానికో ఐపీ అడ్రసు ఇచ్చి, "ఫలానా సర్వర్ దగ్గర ఫలానా ఫైలు తీసుకో" అంటుంది. ఆ ఫైలు తెచ్చేది టీఎఫ్‌టీపీ. దాని పద్ధతి కొబ్బరితోటలో కాయల లెక్కలాంటిది: ఒక పాలు వేసి, "ముట్టింది" అనిపించుకుంటే గానీ రెండో పాలు ముట్టుకోదు. నిదానమే, కానీ లెక్క తప్పదు.

నా లాప్‌టాప్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ ఉంది, ఉబుంటు జాతిలో అది ముందే వచ్చేస్తుంది. డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండు పనులూ అదొక్కటే చేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ల్యాబ్ కోసం ఎప్పుడో వేసుకున్నాను. లేనిదల్లా పిక్స్‌లినక్స్ డాట్ జీరో అనే ఒక చిన్న ఫైలు. యాభై కేబీ కూడా ఉండదు. ఫోన్‌తో దింపేద్దామంటే, సిగ్నల్ గుర్తు పక్కన డేటా లేదు.

ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. జిల్లా పేరు మీద మే 24న అమలాపురంలో గొడవలయ్యాయి, బస్సులూ ఇళ్ళూ తగలబడ్డాయి. కోనసీమంతా మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవాళ్ళు సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ లాప్‌టాప్‌లు పట్టుకుని తిరిగారు. యాభై కేబీల ఫైలు కోసం నేనూ ఆ లైన్లో చేరాను. కాస్త సద్దుమణిగాక తమ్ముడు స్కూటీ తీశాడు. ఎదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరున్న వంతెన ఎక్కి గోదావరి దాటితే యానాం. అది పుదుచ్చేరి. అక్కడ మా ఫోన్లో నెట్ వచ్చింది. వంతెన దిగి, ఒక కూల్‌డ్రింక్ షాపు ముందు నిలబడి ప్యాకేజీ దింపుకున్నాం. వాడికి ఆనందం ఆగలేదు, నెలరోజుల రీల్స్ అక్కడే చూసేశాడు.

సాయంత్రానికి మొదటి కంప్యూటర్ బూట్ చేశాం. ఐపీ వచ్చింది! పిక్స్‌లినక్స్ అని పేరు కూడా పడింది. ఆ కింద ఇంకో లైను: "ఫెయిల్డ్ టు లోడ్ ఎల్‌డీలినక్స్ డాట్ సి32." ఐదో వెర్షన్ నుంచీ ఆ రెండో ఫైలు లేకపోతే మొదటిది పనికిరాదట. ఆ రెండోది ఇంకో ప్యాకేజీలో ఉంటుంది. మొదటి ప్యాకేజీని పద్ధతిగా ఇన్‌స్టాల్ చేసుంటే "నా జత ఏదీ?" అని అదే అడిగేది. నేను తెలివిగా విప్పి ఒక్క ఫైలూ లాక్కున్నాను కదా! తమ్ముడికి చెబితే వాడు మారు మాట్లాడకుండా స్కూటీ తాళాలు తీశాడు. ఈసారి నేను వెళ్ళలేదు. గదిలో బాబాయ్‌తో ఉండిపోయాను.

ఆ గంటలో బాబాయ్ అడిగిన ప్రశ్నే ఈ మొత్తం కథలో కష్టమైంది. "అమ్మాయ్, ఇందులో ట్యాలీ వస్తుందా?"

రాదు. మామూలుగా రాదు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు చేసే అను ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కూడా విండోస్‌దే. ఊళ్ళో పిల్లలు చేరేదే ఆ రెండింటి కోసం. లినక్స్ గొప్పతనం గురించి క్లబ్బుల్లో మనం చెప్పుకునేవన్నీ ఆ క్షణం నా నోటికి రాలేదు. "రాదు బాబాయ్" అన్నాను. కాసేపు స్విచ్చి మీద వెలిగే లైట్లు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లెక్క వేసుకున్నాడు. పద్నాలుగు మందిలో ట్యాలీ వాళ్ళు నలుగురు. తన సొంత కంప్యూటర్‌లో విండోస్ ఉంది, వాళ్ళకి అది. మిగతా పదిమందికీ టైపింగు, లెటర్లు, స్ప్రెడ్‌షీట్లు. వాటికి లిబ్రాఫీస్ సరిపోతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ కూడా ఉంది. "మరి ఆ నలుగురికీ ముందే చెప్పాలి, వంతులు పడాల్సొస్తుందని. ఇష్టం లేనోళ్ళకి డబ్బులు తిరిగిచ్చేస్తాను" అన్నాడు. ఒకళ్ళు తీసేసుకున్నారు కూడా.

తమ్ముడు వచ్చేసరికి చీకటి పడింది. గుళ్ళో కల్యాణం మొదలైనట్టుంది, సన్నాయి వినబడుతోంది. ఈసారి తెర మీద చుక్కలు మొదలయ్యాయి. కెర్నల్, దాని వెనక ఇనిట్‌ఆర్‌డీ. చుక్క, చుక్క, చుక్క. పిన్ని కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆకుపచ్చ మింట్ ఆకు కనబడగానే తమ్ముడు వేసిన కేకకి కింద షాపాయన పైకొచ్చాడు, ఏమైందోనని.

రెండేసి చొప్పున పెట్టుకుంటూ పోయాం. మధ్యలో కరెంటు పోయి రెండు మళ్ళీ మొదటికొచ్చాయి. ఏడోది మాత్రం "చెక్ కేబుల్" అని మొండికేసింది. నేను బయోస్ అంతా వెతికాను. బాబాయ్ కేబుల్ చేత్తో తడిమి, ఎలక కొరికిన చోటు చూపించాడు. కొత్త కొన వేసి బిగించాడు, రెండు నిమిషాల పని.

కాలేజీకి తిరిగొచ్చేముందు ఇదంతా ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాయమన్నాడు. రాశాను, పదకొండు పేజీలు. పోయిన సంక్రాంతికి ముందు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, రెండు మిషన్లు పోతే హార్డ్‌డిస్కులు మార్చాను. బూట్ చేస్తే ఈ-53 అంటోంది, ఫైలు పేరు రాలేదంట."

నేను కాన్ఫిగరేషన్ ఫైలు చదవమందామని నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు. "ఇప్పుడు మనకి వైఫై రూటరుంది కదా. అది కూడా గుడికి దారి చెప్పేస్తోంది. టిక్కెట్టెక్కడో దానికి తెలీదాయె. దాని తీగ పీకేశాను. వస్తోందిలే, చుక్కలు పడుతున్నాయి. ఊరికే చెబుదామని చేశాను."