బొమ్మ ఉంది, వెలుతురే లేదు

కోఠీలో గుజరాతీ గల్లీ అంటే హైదరాబాదులో రేడియోలు, యాంప్లిఫయర్లు, టీవీలు బాగుచేసేవాళ్లందరికీ తెలిసిన చోటు. సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే చాలు, దుకాణాల ముందు వైర్ల చుట్టలు, రిమోట్ల గుట్టలు, డబ్బాలు లేని స్పీకర్లు మొదలవుతాయి. పెద్ద టీవీ కొనాలనుకున్నవాళ్లు మామూలుగా ఇటు రారు, షోరూమ్‌కి పోతారు. నేను ముందు ఇక్కడికి వచ్చాను. ఆరేడేళ్లు ఇంటిల్లిపాదీ చూడాల్సిన వస్తువు కొనబోతున్నప్పుడు, ఇలాంటివి ఎక్కడ పాడవుతున్నాయో, ఎందుకు పాడవుతున్నాయో చూసి తెలుసుకున్నాకే డబ్బు తీయాలన్నది నా పట్టుదల.

తెలిసినవాళ్లు చెప్పిన రిపేరు గది ఒక దుకాణం మేడ మీద ఉంది. ఇరుకు మెట్లెక్కి లోపలికి వెళ్తే గోడ పొడుగునా టీవీలు వరసగా ఆనించి ఉన్నాయి. 43, 50, 55, ఒకటి రెండు 65 అంగుళాలవీ ఉన్నాయి. ప్రతిదాని వీపు మీదా మార్కర్‌తో రాసిన చీటీ అంటించి ఉంది. ‘సౌండ్ ఉంది, పిక్చర్ లేదు’. ‘లైన్లు’. ‘ఆన్ కాదు’. మళ్లీ ‘సౌండ్ ఉంది, పిక్చర్ లేదు’. ఆ చీటీలు చదువుకుంటూ పోతేనే సగం సంగతి తెలిసిపోయింది. ఎక్కువ టీవీలకు వచ్చింది ఒకటే జబ్బు.

గది యజమానికి అరవై దాటాయి. ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీల కాలంలో పిక్చర్ ట్యూబుల దగ్గర పని నేర్చుకున్న మనిషి. నేను వచ్చిన పని చెప్పగానే, “కొనకముందు ఇక్కడికొచ్చిండ్రా? అందరూ కొని, పోయినంక వస్తరు. కూసోండ్రి మేడమ్,” అని స్టూలు జరిపారు. అప్పుడే ఒక 55 అంగుళాల టీవీ విప్పబోతున్నారు. విప్పే ముందు ప్లగ్ పెట్టి ఆన్ చేశారు. వార్తలు స్పష్టంగా వినిపిస్తున్నాయి గానీ తెర కటిక నలుపు. తన దగ్గర సాయంగా ఉండే పిల్లవాడితో గదిలో లైటు ఆపించి, సెల్‌ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా పట్టారు. ఆ వెలుగు పడినంత మేర న్యూస్ రీడర్ ముఖం, చీర అంచు, కింద పరుగెత్తే స్క్రోలింగు మసకమసకగా కనిపించాయి.

“బొమ్మ ఉంది మేడమ్, వెలుతురే లేదు. చూసిండ్రా?”

మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలుస్తున్నవాటిలో చాలావరకు నిజానికి ఎల్‌సీడీ తెరలే. ఆ తెర తనంతట తాను వెలగదు. వెనక నుంచి వచ్చే వెలుగును చుక్కచుక్కకూ ఆపుతూ, వదులుతూ బొమ్మ కడుతుంది. ఆ వెనక దీపాలే ఎల్‌ఈడీలు. దీపాలు ఆరితే బొమ్మ లోపల ఉండి కూడా కంటికి ఆనదు.

బల్ల మీద పాత బొంత పరిచి టీవీని బోర్లించారు. వీపు స్క్రూలు తీసి, బోర్డుల వైర్లు విడదీసి, మళ్లీ వెల్లకిలా తిప్పారు. చుట్టూ ఉన్న సన్నని అంచు ఊడదీశాక, ఇద్దరూ చెరో వైపు నిలబడి రబ్బరు సక్షన్ కప్పులతో అసలు తెరను పైకెత్తారు. ఆ రెండు నిమిషాలూ గదిలో ఎవరూ మాట్లాడలేదు. సుమారు అర మిల్లీమీటరు మందం ఉన్న గాజు పలకలు రెండు, వాటి మధ్య ద్రవ స్ఫటికం. 55 అంగుళాల తెర అంటే అంతే. కాస్త వంగితే పగులుతుంది. పగిలిన ప్యానెల్‌ను ఎవరూ అతికించలేరు. మార్చాలంటే కొత్త టీవీ ధరలో సగానికి పైనే అవుతుంది కాబట్టి ఎవరూ మార్పించుకోరు.

తెర కింద కాగితాల్లా మూడు తెల్లని షీట్లు. అవి కూడా తీస్తే కనిపించింది వెలుతురు పుట్టే చోటు. తెల్లటి అడుగున వరసలు వరసలుగా అల్యూమినియం పట్టీలు, ఒక్కో పట్టీ మీద గుండ్రటి లెన్సులు, ప్రతి లెన్సు కింద మూడు మిల్లీమీటర్ల చదరపు ఎల్‌ఈడీ. పిల్లవాడు టెస్టర్ ముల్లు ఒక్కోదానికి ఆనిస్తూ పోయాడు. వెలిగింది, వెలిగింది, వెలిగింది. మూడో పట్టీలో ఒకటి వెలగలేదు. లెన్సు ఊడదీసి చూస్తే దాని పసుపు ముఖం మధ్యలో నల్లగా కాలిన చుక్క. ఆ ఒక్క చుక్క వల్ల తెర మొత్తం చీకటైంది. పండగ పందిట్లో సీరియల్ లైట్ల మాదిరిగా ఇవన్నీ ఒకే వరస కరెంటు మీద నడుస్తాయి. ఒకటి తెగితే మిగతావి బాగున్నా వెలగవు.

“ఎందుకు కాలింది?” అని అడిగాను.

ఆయన జవాబుగా గోడకు ఆనించిన మరో టీవీ ఆన్ చేసి సెట్టింగుల్లోకి వెళ్లారు. బ్యాక్‌లైట్ 100 దగ్గర ఉంది. షోరూమ్‌లో పక్కపక్కనే పెట్టిన టీవీల్లో ఏది ఎక్కువ మెరిస్తే కన్ను దాని మీదే పడుతుంది కాబట్టి కంపెనీ నుంచి అలా వస్తుంది. ఇంటికొచ్చాక ఎవరూ తగ్గించరు. ఎల్‌ఈడీలకు శత్రువు వేడి. నిండు కరెంటు మీద రోజుకు పది గంటలు వెలిగితే మూడు నాలుగేళ్లకే అలసిపోతాయి. “మా దగ్గరికి వచ్చిన ప్రతి టీవీ అరవైకి, డెబ్బైకి దించే పంపుతం. రాత్రి లైటు తీసేసి చూస్తే గదే ఎక్కువ,” అన్నారు. టీవీ ఆయుష్షు గురించి నేను విన్న సలహాల్లో పైసా ఖర్చు లేనిది ఇదొక్కటే. ఏ షోరూమ్‌లోనూ నాకు ఈ మాట చెప్పలేదు.

‘లైన్లు’ అని రాసిన చీటీల కథ వేరు. తెర అంచులో వెంట్రుక మందం ఫిల్ముల మీద చిప్పులుంటాయి. నిలువు గీతలకు బొమ్మ అందేది వాటి ద్వారానే. తుడుద్దామని తెర మీద నేరుగా నీళ్లో, అద్దాలు తుడిచే మందో కొడితే అది జారి కింది అంచులోకి దిగుతుంది. ఫిల్ము పట్టు వదిలిందా, ఆకుపచ్చ గీతో, గులాబీ గీతో మొదలై రోజురోజుకూ పెరుగుతుంది. ఈ గల్లీలో ఆ ఫిల్ములను మళ్లీ వేడితో అతికించే బాండింగ్ మిషన్లున్నాయి. కానీ దానికి గ్యారంటీ ఇవ్వలేమని పెద్దాయన నిక్కచ్చిగా చెప్పారు. పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలట. మరీ మరకైతే గుడ్డనే కొద్దిగా తడపాలి, తెరను కాదు.

టీ వచ్చింది. మాటల్లో ఈసీఐఎల్ కాలం దొర్లింది. 1967లో అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో పుట్టిన ఆ సంస్థ 1975–76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు పాఠాలు చూపించిన సైట్ ప్రయోగానికి టీవీ సెట్లు తయారుచేసింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలు సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాల వాళ్లు వాటి ముందు కూర్చున్నారు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది ఆ తర్వాతే, 1977లో. “ఈసీ టీవీ పోతే ఒక వాల్వో, కండెన్సరో మార్చి ఇచ్చేటోళ్లం. ఇరవై ఏండ్లు నడిచేది,” అన్నారాయన. ఆ మాటలో బెంగ కంటే లెక్క ఎక్కువుంది. ఇప్పటి టీవీలోనూ పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, ఎల్‌ఈడీ పట్టీలు మార్చుకోవచ్చు. మార్చడం గిట్టుబాటు కానిది ప్యానెల్ ఒక్కటే. అందుకని నా డబ్బు దేనికి పెట్టాలో నాకు స్పష్టమైంది. యాప్‌లు, రిమోట్‌లో మైకు, లోపలి సాఫ్ట్‌వేర్ నాలుగేళ్లకు పాతబడితే ఓ చిన్న స్టిక్ తగిలించి కొత్తవి తెచ్చుకోవచ్చు. ప్యానెల్‌కి అలాంటి దారి లేదు.

ప్యానెల్స్ మధ్య తేడా చూపించమని అడిగాను. బాగై సిద్ధంగా ఉన్న రెండు టీవీలు పక్కపక్కన నిలబెట్టి, రెండింటిలో ఒకే సినిమాలోని రాత్రి సన్నివేశం పెట్టారు. ఎదురుగా కూర్చుంటే మొదటి దానిలో చీకటి చీకటిగానే ఉంది, హీరో నల్లచొక్కా మడతలు కూడా తెలుస్తున్నాయి. రెండో దానిలో చీకటి బూడిద రంగులో తేలిపోయింది. “ఇప్పుడు పక్కకు రాండ్రి,” అన్నారు. గది మూలకు వెళ్లి చూస్తే మొదటి దాని రంగులు వెలిసిపోయాయి, రెండోది మాత్రం చెక్కుచెదరలేదు. మొదటిది వీఏ ప్యానెల్, రెండోది ఐపీఎస్. వీఏలో వెలుగు నీడల తేడా 3,000కు ఒకటి, అంతకు మించి ఉంటుంది. ఐపీఎస్‌లో అది సుమారు 1,000కి ఒకటి, కానీ ఏ వైపు నుంచి చూసినా బొమ్మ మారదు. టీవీ డబ్బా మీద ఈ రెండు ముక్కలూ చాలాసార్లు ఉండవు. నాలుగడుగులు పక్కకు వేసి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

మా ఇంట్లో నాన్న దివాన్ టీవీకి ఏటవాలుగా ఉంటుంది. ఆ లెక్కన ఐపీఎస్ తీసుకోవాలి. కానీ మన సినిమాల్లో అసలు కథంతా రాత్రిపూటే నడుస్తుంది, ఆ చీకటి బూడిదగా కనిపిస్తే నాకు చూడబుద్ధి కాదు. దివాన్ జరపడానికి ఖర్చేమీ లేదు. అందుకే వీఏ ఖాయం చేసుకున్నాను. వెనక దీపాలను భాగాలు భాగాలుగా విడిగా ఆర్పగలిగే లోకల్ డిమ్మింగ్ ఉంటే మరీ మంచిది. మినీ ఎల్‌ఈడీ అంటే ఈ పద్ధతే, దీపాలు మరింత చిన్నవి, చాలా ఎక్కువ.

మరి ఓఎల్‌ఈడీ? దాంట్లో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరుతుంది. నలుపు అంటే నలుపే. అంత అందమైన బొమ్మ మరో తెరలో లేదు. కానీ నాన్న పొద్దున ఆరింటికి పెట్టిన న్యూస్ ఛానెల్ రాత్రి దాకా మారదు. మూలన అదే లోగో, కింద అవే రెండు ఎర్ర పట్టీలు. ఏళ్ల తరబడి ఒకేచోట వెలిగిన చుక్కలు మిగతావాటికంటే ముందు అరిగి, ఆ పట్టీల మరక తెర మీద ఉండిపోతుంది. కంపెనీలు దీన్ని తగ్గించే ఏర్పాట్లు పెట్టాయి గానీ, రోజంతా వార్తలు నడిచే ఇంటికి అది తగదని నేను గట్టిగా నమ్ముతున్నాను. పేరులో దగ్గరగా ఉన్న క్యూఎల్‌ఈడీ పూర్తిగా వేరు. అది మళ్లీ ఎల్‌సీడీయే, మధ్యలో రంగులను శుభ్రపరిచే క్వాంటమ్ డాట్ల పొర ఉంటుంది. 2023లో రసాయనశాస్త్ర నోబెల్ ఆ డాట్లు కనిపెట్టిన బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకే వచ్చింది.

ఇంటికి వచ్చి గోడ మీద పాత న్యూస్ పేపర్లు అతికించాను. 55 అంగుళాలంటే అడ్డం 48, నిలువు 27 అంగుళాలు. 65 అంటే దాదాపు 57, 32. పది అంగుళాలే కదా అనిపిస్తుంది గానీ తెర వైశాల్యం 40 శాతం పెరుగుతుంది. మా సోఫా నుంచి గోడకు తొమ్మిది అడుగులు. సినిమాల వరకే అయితే 65 చక్కగా సరిపోయేది. కానీ మాకు కేబుల్‌లో వచ్చే వార్తల ఛానెళ్లు మామూలు ఎస్‌డీవి, అంటే 576 గీతలు. 4కే తెరలో 2,160 గీతలుంటాయి. లేని గీతలను టీవీయే ఊహించి నింపాలి. తెర పెరిగేకొద్దీ ఆ ఊహ పలచబడి ముఖాలు అలుక్కుపోతాయి. రోజులో ఎక్కువసేపు చూసేది నాన్న, ఆయన చూసేది అవే ఛానెళ్లు. 55 చాలు.

మా ఫ్లాట్‌లో టీవీ పాయింటు అయిదడుగుల ఎత్తున ఉంది. తెర మధ్యభాగం అక్కడికొస్తే రెండున్నర గంటల సినిమాకు మెడ పట్టేస్తుంది. కూర్చున్నప్పుడు కళ్లు ఉండే ఎత్తుకు, అంటే నేల నుంచి 42 అంగుళాలకు, బ్రాకెట్ దించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను. బాల్కనీ తలుపు వెలుగు తెర మీద పడకుండా మందపాటి పరదా కూడా అనుకున్నాం. పిడుగులప్పుడు ప్లగ్‌తో పాటు కేబుల్ వైరూ పీకమని గల్లీలో చెప్పిన మాట గుర్తుపెట్టుకున్నాను. చాలా బోర్డులు కరెంటు వైపు నుంచి కాదు, ఆ వైరు నుంచే కాలుతాయట.

షోరూమ్‌లో నెమళ్ల వీడియోలు నడుస్తున్నాయి. షాప్ మోడ్ తీసి హోమ్ మోడ్ పెట్టమని అడిగాను. సేల్స్ కుర్రాడు ఓపిగ్గా అన్నీ మార్చాడు. ఎస్‌డీ న్యూస్ ఛానెల్ పెట్టించాను, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన రాత్రి సన్నివేశం పెట్టించాను. తెల్లటి తెర పెట్టించి నల్ల మచ్చలున్నాయేమో చూశాను. మాటలు స్పష్టంగా వినపడుతున్నాయో లేదో నాన్న విన్నారు. సన్నటి టీవీల స్పీకర్లు కిందికి చూస్తుంటాయి కాబట్టి సౌండ్‌బార్ కోసం కొంత పక్కన పెట్టుకున్నాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మిగిలిన ఆ డబ్బును మంచి ప్యానెల్‌కే పెట్టాం.

చివరికి రెండు మోడళ్లు మిగిలాయి. రెండూ బాగున్నాయి, ధర కూడా ఇంచుమించు ఒకటే. అక్కడే నిలబడి గల్లీ పెద్దాయనకు ఫోన్ చేసి రెండు మోడల్ నంబర్లూ చదివాను. మొదటిదానికి ఎల్‌ఈడీ పట్టీలు మార్కెట్లో ఎక్కడా దొరకడం లేదన్నారు. “రెండోదానివి మా కింది దుకాణంలనే ఉన్నయి మేడమ్. అది తీసుకోండ్రి.” రెండోదానికి బిల్లు రాయించాం.