ఖాళీగా వదిలిన వరుస

ఒక కుటుంబంలో ఎవరికి ఎవరు ఏమవుతారో తెలిసినంతమాత్రాన వారికి ఇల్లు కట్టలేము. ఎవరి గది ఎక్కడ, వాకిలి ఎటు, పొగ పోయే దారి ఏది అన్నవి వేరే లెక్కలు. ఎలక్ట్రానిక్ పరికరాల విషయమూ అంతే. ఏ భాగం ఏ భాగంతో కలవాలో సర్క్యూటు పటం చెబుతుంది. అగ్గిపెట్టెంత బోర్డుమీద ఏది ఎక్కడ కూర్చోవాలో అది చెప్పదు. ఆ సంగతి మనమే ఆలోచించుకోవాలి. ఈ చిన్న విద్యలో నాకు పాఠం చెప్పినవాడు మా అబ్బాయి. చెప్పించినది ఢిల్లీ ఎండ.

2023 డిసెంబరు చివర. మయూర్ విహార్‌లో మా ఇల్లు. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయికి ఎలక్ట్రిక్ గిటారు ప్రాణం. వాడికి 'ఫజ్' పెడలు ఒకటి కావలసి వచ్చింది. గిటారుకూ ఆంప్లిఫయరుకూ నడుమ నేలమీద ఉంచి కాలితో నొక్కే చిన్న పెట్టె అది. గిటారు నుండి వచ్చే సంకేతాన్ని శక్తికి మించి పెంచి, తరంగాల శిఖరాలను నరికివేస్తుంది. నునుపైన స్వరం బొంగురుపోయి, జాతరలో చిరిగిన లౌడ్‌స్పీకరులా గర్జిస్తుంది. రేడియోలలో ఆ బొంగురు పోగొట్టడానికి నా యౌవనంలో ఎన్నో రాత్రులు వెచ్చించాను. ఇప్పుడు నా కొడుకు ఆ బొంగురునే కోరుతున్నాడు!

నిజానికి ఈ ధ్వని పుట్టినదే ఒక పొరపాటులోనుండి. మార్టీ రాబిన్స్ పాడిన 'డోంట్ వర్రీ' అనే పాట 1961లో విడుదలయింది. దానిని నాష్‌విల్ నగరంలో రికార్డు చేస్తున్నప్పుడు పరికరంలో ఒక భాగం చెడి, గిటారు శబ్దం చీలిపోయింది. శ్రోతలకు అదే నచ్చింది. 1962లో 'మేస్ట్రో ఫజ్-టోన్' అనే పెడలు బజారులోకి వచ్చింది. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ సంస్థ 'ఫజ్ ఫేస్' పేరుతో గుండ్రని పెట్టెను తెచ్చింది. జిమీ హెండ్రిక్స్ దానికి లోకప్రసిద్ధి కలిగించాడు. మా వాడికి కావలసినది ఆ బాణీ పెడలే.

"కొనుక్కుందాం నాన్నా," అన్నాడు వాడు.

సర్క్యూటు పటం చూచాను. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పుకొనేందుకు రెండు కంట్రోళ్ళు. "పదకొండు భాగాల వస్తువును కొనడమెందుకురా?" అన్నాను. ఆ మాటలో పొదుపుకంటె గర్వమే ఎక్కువ. పాత తరహా పెడలుకు సిలికాన్ ట్రాన్సిస్టర్లకంటె జెర్మేనియం ట్రాన్సిస్టర్లే మెత్తని ధ్వని ఇస్తాయంటారు. నా దగ్గర అవి నాలుగున్నాయి. విజయవాడలో పాఠశాల విద్యార్థిగా రేడియోలు కట్టిన రోజుల్లో కొన్న ఏ.సి.128లు. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ముద్ర వాటిమీద ఇంకా చెరగలేదు. ఒక మందుల డబ్బాలో అవి నాతోపాటు ఢిల్లీ చేరి, మూడు ఇళ్ళు మారాయి.

మర్నాడే ఎర్రకోట ఎదుటనున్న లాజ్‌పత్‌రాయ్ మార్కెట్టుకు వెళ్ళాను. ఇరుకు సందులు, ఎటు చూచినా తీగల చుట్టలు. రాగిపట్టీల బోర్డు కావాలన్నాను. ముసలి దుకాణదారు అట్టపెట్టె దులిపి ఒకటి తీశాడు. ఆ బోర్డుకు ఒక ప్రక్క అంగుళంలో పదోవంతు దూరాన వరుసలు వరుసలుగా రంధ్రాలు. రెండవ ప్రక్క ఆ వరుసల వెంబడి సన్నని రాగిపట్టీలు. ఒక పట్టీమీద ఉన్న రంధ్రాలన్నీ విద్యుత్తు దృష్టిలో ఒకటే. రెండు భాగాలను కలపాలంటే వాటి కాళ్ళను ఒకే పట్టీలో దింపాలి. విడదీయాలంటే నడుమ పట్టీని తెగగొట్టాలి. దూరపు పట్టీలను తీగముక్కతో వంతెన వేసి కలపాలి. ఉన్న నియమాలు ఈ మూడే.

గ్రాఫు కాగితంమీద చుక్కలు పెట్టి గీతలు కలుపుతూ కూర్చున్నాను. సంక్రాంతి దగ్గర పడుతున్నది. మా ఆవిడ తొంగి చూచి, "ఈ ఏడు ముగ్గు మీరే వేస్తారా ఏమండీ?" అన్నది. పోలిక సరియైనదే. చుక్క తప్పితే ముగ్గంతా తప్పుతుంది. తొమ్మిది పట్టీలు, పట్టీకి ఇరవై రంధ్రాలు. ఒక్క రంధ్రం కూడా వృథా పోకుండా పదకొండింటినీ ఇమిడ్చాను. ఆ పొందికను చూచుకొని మురిసిపోయాను.

మొదటి ప్రయత్నం అద్దం పాలయింది. పటం గీసినది భాగాలు కూర్చునే వైపునుండి. పట్టీలు తెగగొట్టేది రాగి వైపునుండి. బోర్డు తిప్పగానే ఎడమ కుడి అవుతుంది. ఎడమనుండి ఏడవ రంధ్రం దగ్గర కోయవలసినదాన్ని, తిప్పిన తరువాత కూడా ఎడమనుండే ఏడు లెక్కించి కోశాను. అసలు అది పద్నాలుగవ రంధ్రం. తప్పు తెలిసి భాగాలు ఊడదీసే తొందరలో ఒక ట్రాన్సిస్టరును టంకపు వేడికి బలి ఇచ్చాను. జెర్మేనియం వేడికి ఓర్వదు. టంకం పెట్టేటప్పుడు దాని కాలిని పట్టకారుతో పట్టుకొని వేడిని ప్రక్కకు లాగివేయాలి. ఈ సంగతి నాకు పదిహేనో ఏటనే తెలుసు. తెలిసినది జ్ఞాపకం ఉండవద్దూ!

మిగిలిన మూడింటిలో రెండు ఎంచుకొనడానికి మీటరుపెట్టి చూచాను. మొదటి స్థానంలో పెంపు తక్కువది, రెండవ స్థానంలో ఎక్కువది ఉండాలి. ఒక విచిత్రం కనిపించింది. ట్రాన్సిస్టరును వేళ్ళ మధ్య కాసేపు పట్టుకొంటే చాలు, మీటరులో అంకె తనంతట తానే ఎక్కిపోతున్నది. "ఇదేమిటి నాన్నా?" అన్నాడు మా వాడు. "పాతవి కదా," అని తేల్చివేశాను.

జనవరిలో, కిటికీలు మూసుకొన్న గదిలో, రెండవ బోర్డు పలికింది. మా వాడు తీగ మీటి కళ్ళు మూసుకొన్నాడు. ఇరుగుపొరుగులు తలుపు తట్టేదాకా వాయించాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మే నెల వచ్చింది. 2024 మే 29న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదయింది. ఆ వేసవిలోనే ఒక సాయంకాలం, మిత్రుల ఇంటి డాబాపైన మా వాడి బృందం తొలిసారి నలుగురి ఎదుట వాయించింది. రెండవ పాటలో వాడు పెడలు నొక్కాడు. గర్జన రాలేదు. తడిసిన టపాకాయలా చిటపటలాడి, స్వరం నడుమనే తెగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. ఎవరో నవ్వారు. వాడు పెడలును ప్రక్కకు నెట్టి, అది లేకుండానే పాట ముగించాడు. మెట్రోలో ఇంటికి వచ్చేదాకా నాతో ఒక్కమాట మాట్లాడలేదు. కోప్పడినా బాగుండుననిపించింది.

నాలుగురోజుల తరువాత వాడే మీటరు తీశాడు. రెండవ ట్రాన్సిస్టరు కలెక్టరు దగ్గర, తొమ్మిది వోల్టుల బ్యాటరీలో ఇంచుమించు సగం, నాలుగున్నర వోల్టులు ఉండాలి. జనవరిలో నేను చూచినప్పుడు అంతే ఉంది. ఇప్పుడు ఏడు దాటింది. జెర్మేనియంలో ప్రవాహం కొంత ఊరకే కారిపోతూ ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ ఆ కారుడు త్వరత్వరగా హెచ్చుతుంది. దానితో ట్రాన్సిస్టర్ల తూకమంతా చెడి, స్వరం ఒకవైపు ఒరిగి తెగిపోతుంది. మీటరులో అంకె ఎక్కినప్పుడే ఆ నాలుగు వేళ్ళ వేడి మాకు ఈ సంగతి చెప్పింది. అడిగినవాడు వాడు, వినిపించుకోనివాడిని నేను.

మందు చిన్నదే. కలెక్టరు దగ్గరి 8.2 కిలో ఓమ్‌ల స్థిరమైన రెసిస్టరు తీసి, స్క్రూడ్రైవరుతో తిప్పుకొనే 22 కిలో ఓమ్‌ల ప్రీసెట్టు పెట్టాలి. వేడి పెరిగినప్పుడు నిరోధం కాస్త పెంచి నాలుగున్నరకు దించుకోవాలి. కాని నా బోర్డులో దానికి చోటు లేదు. మూడు కాళ్ళ ప్రీసెట్టుకు ఒక్క రంధ్రమైనా మిగల్చలేదు. నేను మురిసిన పొందికే ఇప్పుడు అడ్డం తిరిగింది.

మా వాడు కొత్త గ్రాఫు కాగితం తీసికొని తానే పటం గీశాడు. తొమ్మిది పట్టీలకు బదులు పన్నెండు. ప్రీసెట్టు అంచున, చేతికి అందేట్టు. ట్రాన్సిస్టర్లకు సాకెట్లు, మార్చుకొనేందుకు వీలుగా. కాగితం వెనుక, రాగి వైపునుండి చూచినట్లు, అదే పటం తిరగవేసి మరొకటి. అన్నిటికంటె అడుగున రెండు పట్టీలు ఖాళీ.

"అవి ఎందుకురా?" అన్నాను.

"ఇంకా తెలియదు నాన్నా. ఏదో ఒకటి కావలసి వస్తుంది కదా."

నాకు మాట రాలేదు. వాడు ఏ కాలేజీలో ఏ శాఖ చదవాలో నిర్ణయించిననాడు కూడా నేను ఇంత పొందికగానే పటం గీశాను. ఒక్క పట్టీ ఖాళీ వదలలేదు. వాడు కాదనలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర, చదువు పూర్తయిన తరువాత ఏమి చేద్దామనుకొంటున్నావని వాడిని మొదటిసారి అడిగాను. వాడు కాసేపు నా ముఖంలోకి చూచి, "ఆలోచిస్తున్నాను," అన్నాడు. సరేనన్నాను. ఆ 'సరే' నాకు అంత తేలికగా రాలేదు.

ఆ పెడలు ఇప్పుడూ పలుకుతున్నది. దాని మూత లోపలివైపు మా వాడు ఒక చీటీ అంటించాడు. ప్రీసెట్టు ముల్లు జనవరిలో ఎక్కడుండాలో, జూన్‌లో ఎక్కడుండాలో రెండు గీతలు. మిగిలిన ఒక్క ఏ.సి.128 మందుల డబ్బాలోనే ఉన్నది. ఆ డబ్బా ఇప్పుడు వాడి బల్లమీద ఉంటుంది. అడుగు పట్టీలు రెండూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.