‘మొత్తం ఎంతవుతుంది?’

అద్దంకిలో ఆ ఇంటి వంటగదిలో, ఫ్రిజ్ ముందు ఎప్పుడూ ఓ జత హవాయి చెప్పులుంటాయి. తలుపు తీయాలంటే ముందు వాటిలో కాళ్లు దూర్చాలి. వంటింట్లో చెప్పులేమిటని కొత్తగా వచ్చిన చుట్టాలు వింతగా చూస్తారు. ‘‘షాకు కొడుతుందమ్మా’’ అంటుంది ఇల్లాలు, కాఫీలో పంచదార సరిపోయిందా అని అడిగినంత తేలిగ్గా. నాలుగేళ్లుగా అదే అలవాటు. వానాకాలంలో ఇంకాస్త గట్టిగా కొడుతుంది, అంతే.

మాస్టారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఇల్లు కట్టించింది 1984లో. టేకు బద్దల మీద రేకు క్లిప్పులు కొట్టి, అల్యూమినియం వైర్లు లాగారు. అప్పట్లో నాలుగు ట్యూబ్‌లైట్లు, మూడు ఫ్యాన్లు, ఓ రేడియో. తర్వాత ఫ్రిజ్ వచ్చింది, మిక్సీ వచ్చింది, బోరు మోటారు, వాషింగ్ మెషిన్ వచ్చాయి. వైర్లు మాత్రం అవే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కూతురూ, మూడేళ్ల మనవరాలూ వస్తున్నారు. ‘‘నాన్నా, పిల్ల ఫ్రిజ్ మీద చెయ్యేస్తేనో?’’ అని కూతురు ఫోన్‌లో అడిగిన రాత్రి మాస్టారికి నిద్ర పట్టలేదు. తెల్లారి లేస్తూనే వైరింగంతా మార్పించేద్దామన్నారు. పనిలో పనిగా ఏసీకీ, గీజరుకీ కూడా.

ముగ్గుర్ని అడగండి, తక్కువ చెప్పినవాడికివ్వండి. ఎవర్నడిగినా ఇదే సలహా. పెద్ద నగరాల్లో అది తేలికే. అద్దంకిలో ముగ్గుర్ని అడిగితే ఇద్దరికి లేదని చెప్పుకోవాలి. ఆ ఇద్దరూ మర్నాడు బస్టాండు దగ్గర టీ తాగుతూ ఎదురవుతారు. శింగరకొండ ఆంజనేయస్వామి గుళ్లో వరసలో పక్కనే నిలబడతారు. అయినా అడగక తప్పలేదు.

మొదట వచ్చింది ఎలక్ట్రికల్ షాపువాళ్లు పంపిన కుర్రాడు. మాస్టారి దగ్గరే పదో తరగతి చదివాడు. గదులన్నీ ఓ చుట్టు చుట్టి, టీపాయ్ మీదున్న శుభలేఖ వెనక ఒకే ఒక్క అంకె వేశాడు. 42 వేలు, మెటీరియల్‌తో సహా. ‘‘మీరు కాబట్టి మాస్టారూ’’ అన్నాడు.

రెండో ఆయన 1984లో ఈ ఇంటికి వైరింగ్ చేసిన పెద్దాయన. డెబ్బై దాటాయి. ‘‘మీ దగ్గర నేను రేటు చెప్పడమేంటండీ పంతులుగారూ, మీ ఇష్టం’’ అన్నాడు. కొటేషన్లన్నిటిలోకీ ఖరీదైంది ఈ ‘మీ ఇష్టం’ అని ఇల్లాలి అభిప్రాయం. ఇచ్చినవాళ్లకి ఎక్కువిచ్చామనీ, పుచ్చుకున్నవాళ్లకి తక్కువొచ్చిందనీ జీవితాంతం ఉండిపోతుంది.

మూడో అతను ఒంగోలులో అపార్టుమెంట్లకు పనిచేసే లైసెన్సు కాంట్రాక్టరు. గంటన్నర ఉన్నాడు. మీటరు బోర్డు విప్పించాడు. కరెంటు బిల్లు తెప్పించుకుని, మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూశాడు. ఒకటిన్నర టన్నుల ఏసీ 1,500 వాట్లు, గీజరు 2,000 వాట్లు అనుకున్నా, రెండూ ఒకేసారి వేస్తే 230 వోల్టుల మీద 15 ఆంపియర్లు దాటుతుందనీ, అదనపు లోడు కోసం విద్యుత్ పంపిణీ సంస్థకు విడిగా దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాలనీ, అది తన లెక్కలోకి రాదనీ ముందే చెప్పాడు. రెండ్రోజులకు రెండు పేజీలు పంపాడు. కింద 68 వేలు.

‘‘ఇరవై ఆరు వేలు తేడా! మిరపకాయలకి పోయినేడు రేటు లేక మనోళ్లంతా అల్లాడుతుంటే, మనం వైర్లకి పోద్దామా?’’ అంది ఇల్లాలు. కౌలుకిచ్చిన మూడెకరాల మాట అది.

మాస్టారు పిల్లలకు ముప్ఫై ఏళ్లపాటు చెప్పిన పాఠం ఒకటుంది. పండరంగడి అద్దంకి శాసనం, సా.శ. 848. అందరూ అందులోని తరువోజ పద్యం గురించే చెబుతారు గానీ, గుడికి ఎంత నేల ఇచ్చారో కొలతతో సహా రాతి మీద చెక్కించారన్నది ఆయనకి ఎక్కువ ఇష్టం. ‘చాలా నేల ఇచ్చాడు’ అని ఊరుకోలేదు కదా అనేవారు. ఆ అలవాటు కొద్దీ శుభలేఖనీ, రెండు పేజీలనీ పక్కపక్కన పెట్టుకుని తెల్లకాగితం మీద గీతలు గీశారు.

ముందు పాయింట్లు. కుర్రాడికి ఫోన్ చేస్తే 46 అన్నాడు. రెండు పేజీల్లో 61 ఉన్నాయి. తేడా పదిహేను ఎక్కడివని వెతికితే మెట్ల దగ్గర లైటు, పెరట్లో వాషింగ్ మెషిన్ ప్లగ్గు, వంటింట్లో అదనపు ప్లగ్గులు, ఏసీ, గీజరు... ‘‘అవి ఎక్స్‌ట్రా అండీ’’ అన్నాడు కుర్రాడు. తర్వాత వైరు మందం. రెండు పేజీలాయన లైట్లకీ ఫ్యాన్లకీ ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లు, పవర్ ప్లగ్గులకు రెండున్నర, ఏసీకి నాలుగు అని రాశాడు. శుభలేఖలో వైరు ఊసే లేదు. గోడ చీల్చిన చోట సిమెంటు పూత ఎవరిది, ఫ్యాన్లు తిరిగి బిగించేదెవరు, విప్పిన పాత వైరు ఎవరికి చెందుతుంది... ఒక్కోటీ అడిగేకొద్దీ 42 వేలు మెల్లగా పైకి పాకుతూ వచ్చింది.

68 వేలలో ఎంసీబీలూ ఆర్‌సీసీబీ ఉన్న బోర్డుకు 8 వేలు, కొత్త ఎర్తింగుకు 5 వేలు. ఈ రెండూ కుర్రాడి లెక్కలో లేవు. అవి తీసేస్తే 55 వేలు. 61తో భాగిస్తే పాయింటుకు 901 రూపాయలు. కుర్రాడి 42 వేలను 46తో భాగిస్తే 913. మాస్టారు నమ్మలేక మళ్లీ భాగించారు. అదే వచ్చింది.

ఆర్‌సీసీబీ అంటే ఏమిటో ఆయనకీ అప్పుడే తెలిసింది. ఎంసీబీ ఇంట్లో వైర్లను కాపాడుతుంది. భారం ఎక్కువైతేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో పడిపోతుంది. మనిషికి షాకు కొడితే మాత్రం దానికి తెలియదు, ప్రాణం తీయగల కరెంటు దాని లెక్కలోకి రానంత తక్కువ. ఆర్‌సీసీబీ లోపలికి వెళ్లిన కరెంటునీ, తిరిగొచ్చిన కరెంటునీ పోల్చి చూస్తుంటుంది. ఇళ్లకు పెట్టే రకంలో 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందా, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది.

ఎర్తింగు సంగతి తేల్చుకుందామని మాస్టారు పెద్దాయన్ని పిలిచారు. ‘‘పాతది ఉంది కదండీ’’ అని కుర్రాడన్న మాట నిజమో కాదో పెద్దాయనకే తెలియాలి. ఆయన మీటరు దగ్గర మెయిన్ ఆపించి, పెరట్లో మల్లెపొద పక్కన జానెడు లోతు తవ్వాడు. బొగ్గూ ఉప్పూ వేసి తను పాతిన గొట్టం అక్కడే ఉంది. దానికి కట్టిన ఇనపతీగ మాత్రం చేత్తో పట్టుకోగానే తుప్పు రాలి రెండు ముక్కలైంది.

ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు పేజీలూ చదివించుకున్నాడు, ఆయన కళ్లకి అక్షరాలు ఆనడం లేదు. ‘‘ఈయనకే ఇవ్వండి పంతులుగారూ. ప్రతి ప్లగ్గుకీ ఎర్తు వైరు రాశాడు. మనం మోటారుకొక్కదానికే ఇచ్చాం. అప్పట్లో అదే ఎక్కువనుకున్నాం’’ అన్నాడు. ఇల్లాలు కాఫీ తెచ్చిస్తే చేతులు కడుక్కుని తాగి, డబ్బులిస్తే తీసుకోకుండా వెళ్లిపోయాడు.

కుర్రాడికి చెప్పడమే కష్టమైంది. మాస్టారు ఫోన్‌లో చెప్పలేక ఇంటికి పిలిచి, తెల్లకాగితం ముందు పెట్టారు. వాడు చదివి తలొంచుకున్నాడు. ‘‘ఇవన్నీ నాకు రాక కాదు మాస్టారూ. ఎర్తింగూ, ఆర్‌సీసీబీ కలిపి చెబితే రేటు ఎక్కువని పక్కవాడి దగ్గరకి పోతున్నారు. మీరు కూడా మొత్తం ఎంతవుతుందనే అడిగారు. ఏమేం చేస్తావని అడగలేదు’’ అన్నాడు. మాస్టారి దగ్గర జవాబు లేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ‘‘ఆ రెండు పేజీలూ ఓసారి జిరాక్స్ తీసుకోవచ్చాండీ?’’ అన్నాడు. పేరూ ఫోన్ నంబరూ ఉన్న భాగం మడిచి, తీయించుకోమన్నారు.

బేరం ఇల్లాలు చూసుకుంది. పాత వైరు అతనే తీసుకెళ్లేటట్టూ, సిమెంటు పూత అతనే వేయించేటట్టూ, 66 వేలకు ఒప్పించింది. సగం మెటీరియల్ దిగాక, ఇంకొంత వైర్లు లాగాక, మిగిలింది అన్నీ పరీక్షించి చూపించాక. వైరు చుట్టల మీద ఐఎస్ఐ గుర్తు, కొలతా సరిచూసి, జీఎస్టీ బిల్లుతో పాటు దాచుకున్నారు మాస్టారు. తొమ్మిది రోజులు ఇల్లంతా దుమ్ము. చివరిరోజు కాంట్రాక్టరు ఆర్‌సీసీబీ మీదున్న ‘టీ’ బటన్ నొక్కితే టక్కున ఇల్లంతా చీకటైంది. నెలకోసారి ఇలా నొక్కి చూసుకోండి అన్నాడు.

పండక్కి మనవరాలు వచ్చింది. ఇల్లాలు ఫ్రిజ్ తీయబోయి, అలవాటుగా కాళ్లతో చెప్పుల కోసం వెతికింది. చెప్పులు లేవు. చూస్తే, తన పాదాలకి మూడింతలున్న వాటిని ఈడ్చుకుంటూ పిల్ల హాల్లో తిరుగుతోంది.