పగడాల రేవులో ఏడు సూత్రాలు

'నన్నూ మీ మతంలో కలుపుకోండి' అంటూ ఓ యువకుడు వచ్చి అడిగితే ఏ మతగురువైనా ఏమంటాడు? 'రా నాయనా' అనే కదా! ఇటలీలోని లివోర్నో రేవులో ఓ యూదు గురువు మాత్రం 'అక్కర్లేదు' అన్నాడు. ఆయన చూపించిన దారిలో ఇప్పటికీ వేలమంది నడుస్తున్నారు.

తెలుగింటి ఆడపడుచుల మెడలో నల్లపూసల మధ్య ఎర్రగా మెరిసే పగడం ఎక్కడిది? మన నేలది కాదు. దాని పుట్టిల్లు మధ్యధరా సముద్రం. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఆ పగడాన్ని సానపట్టి మనదేశానికి పంపిన పెద్ద రేవుల్లో లివోర్నో ఒకటి. అక్కడి యూదు వర్తకులు ఓడల్లో పగడాలు పంపేవారు. గోవాలోని సారస్వత వ్యాపారులు బదులుగా వజ్రాలు పంపేవారు. ఆ రోజుల్లో వజ్రమంటే గోల్కొండ పేరే చెప్పుకునేవారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన రాళ్లకు అంత గిరాకీ. మతం వేరు, భాష వేరు, ఒకరి మొహం ఒకరు చూసిందీ లేదు. అయినా ఉత్తరాల మీదే బేరాలు నడిచేవి!

పీసా నుంచి రైలెక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో లివోర్నో వచ్చేస్తుంది. వాలుగోపురం చూసి అట్నుంచటే ఫ్లోరెన్సుకు వెళ్లిపోయే యాత్రికులు ఈ ఊరివైపు పెద్దగా రారు. రేవులో దిగగానే కనిపించేది నాలుగు మూర్ల విగ్రహం. పైన పాలరాతిలో టస్కనీ ప్రభువు మొదటి ఫెర్డినాండో దర్జాగా నిలబడి ఉంటాడు. కింద సంకెళ్లతో నలుగురు కంచు బందీలు. 1591లో, మళ్లీ 1593లో ఈ ప్రభువే ఓ శాసనం వేయించాడు. 'ఏ దేశం వాళ్లైనా రండి, వ్యాపారం చేసుకోండి, మీ దేవుణ్ని మీరు కొలుచుకోండి' అని దాని సారాంశం. యూదుల్ని గోడల మధ్య వాడల్లో బంధించడం ఇటలీ అంతటా మామూలైన కాలమది. లివోర్నోలో మాత్రం అలాంటి గోడ లేచిందే లేదు.

స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమేసిన యూదులు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. తరవాత ఉత్తర ఆఫ్రికా నుంచీ వచ్చారు. రుచులూ వాళ్లతోపాటే వచ్చాయి. టమాటా పులుసులో ఉడికించే ఎర్ర చేపలూ, ఉప్మారవ్వను తలపించే కుస్కుసూ ఇప్పటికీ ఈ ఊరి వంటల్లో ఉన్నాయి. ప్రసిద్ధ చిత్రకారుడు మొడిల్యాని 1884లో పుట్టింది ఇక్కడి యూదు కుటుంబంలోనే.

తగలబెట్టిన పుస్తకం

ఇలియా బెనమొజెగ్ కూడా ఈ ఊరివాడే. 1823లో పుట్టాడు. పెద్దలది మొరాకో. ఊళ్లో రబ్బీగా ఉంటూ పిల్లలకు శాస్త్రం చెప్పేవాడు. హీబ్రూ పుస్తకాలు అచ్చువేసేవాడు. తన మత గ్రంథాలెంత శ్రద్ధగా చదివాడో ఇతర జాతుల పురాణాలూ తత్వాలూ అంత ఇష్టంగా చదివాడు. తోరాకు రాసిన వ్యాఖ్యానంలో వాటినీ ఉదహరించాడు. అది సిరియాలోని అలెప్పో పండితులకు నచ్చలేదు. 1865లో ఆ పుస్తకాన్ని తగలబెట్టించారు!

అలాంటి మనిషి దగ్గరికి ఫ్రాన్సులోని లియాన్ నుంచి ఓ ఉత్తరం వచ్చింది. రాసింది ఎమే పలియేర్. 1868లో భక్తిగల క్యాథలిక్ కుటుంబంలో పుట్టాడు. మతాచార్యుడు కావాలన్నది చిన్ననాటి కోరిక. పదిహేడో ఏట ఓ సాయంత్రం మిత్రుడితో కలిసి సరదాగా యూదుల ప్రార్థనామందిరంలో అడుగుపెట్టాడు. అది యోమ్ కిప్పుర్... ప్రాయశ్చిత్త దినం. పగలంతా ఉపవాసమున్న జనం తెల్లటి శాలువాలు కప్పుకుని చివరి ప్రార్థన చేస్తున్నారు. ఆ దృశ్యం అతణ్ని జీవితాంతం వదల్లేదు. హీబ్రూ నేర్చుకున్నాడు, గ్రంథాలు తిరగేశాడు. చివరికి యూదుడిగా మారిపోవాలని నిశ్చయించుకున్నాడు.

బెనమొజెగ్ వద్దన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. మానవజాతి ఒక కుటుంబమైతే అందులో యూదులు పూజారి బాధ్యత మోసేవాళ్లు. మడీ ఆచారాలూ ఆహార నియమాలూ ఆ బాధ్యతతో వచ్చినవి. మిగిలిన మనుషులందరికీ దేవుడు నోవహుతో చేసిన ఒడంబడిక ఉంది. దాన్ని పాటిస్తే చాలు, ఇల్లు మారక్కర్లేదు... ఇదీ ఆయన వాదన. పలియేర్ ఆ మాట పట్టుకునే బతికాడు. 1900లో గురువు కన్నుమూశాక ఆయన వదిలివెళ్లిన రాతప్రతిని సరిచేసి 1914లో 'ఇజ్రాయెల్, మానవజాతి' పేరుతో అచ్చు వేయించాడు. 1926లో తన కథను 'తెలియని ఆలయం' అన్న పుస్తకంగా రాశాడు. 1949లో మరణించాడు.

ఏమిటా ఏడు?

జలప్రళయం నుంచి ఓడలో బయటపడిన నోవహు కథ మనకూ కొత్తకాదు. మత్స్యావతార కథలో సత్యవ్రతుడూ ఇలాగే నావ ఎక్కాడు. ప్రళయం తరవాత మనుషులంతా నోవహు సంతతే కాబట్టి వాళ్లందరికీ వర్తించే సూత్రాలు ఏడని యూదుల తాల్ముద్ చెబుతుంది. విగ్రహాల్ని కొలవకూడదు. దైవదూషణ చేయకూడదు. హత్య చేయకూడదు. వావివరసలు తప్పకూడదు. దొంగతనం చేయకూడదు. బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినకూడదు. న్యాయస్థానాలు ఏర్పాటు చేసుకోవాలి. వీటిని దైవాజ్ఞగా పాటించే అన్యులకూ పరలోకంలో చోటుందని పన్నెండో శతాబ్దపు పండితుడు మైమనిడీస్ రాశాడు.

చాలాకాలం ఇది పండితుల చర్చగానే ఉండిపోయింది. 1980ల్లో న్యూయార్కులోని లుబావిచ్ గురువు మెనాకెమ్ ష్నీర్సన్ ఈ సూత్రాల్ని ప్రపంచానికి చెప్పమని శిష్యుల్ని పురమాయించాడు. 1991లో అమెరికా కాంగ్రెస్ ఓ తీర్మానంలో వీటిని ప్రస్తావించింది. టెనెసీ రాష్ట్రంలోని ఎథెన్స్ అనే చిన్న ఊళ్లో డేవిడ్ డేవిస్ అనే బాప్టిస్టు పాస్టరూ, ఆయన సంఘమూ ఈ దారికి మళ్లారు. తమ చర్చి శిఖరాన్ని తామే దింపేశారు! ఇప్పుడు అమెరికాలో, ఫిలిప్పీన్స్‌లో, లాటిన్ అమెరికాలో ఇలాంటి బృందాలున్నాయి. ఎక్కువమంది క్రైస్తవం నుంచి వచ్చినవాళ్లే. నోవహుకు దేవుడు చూపించిన ఇంద్రధనుస్సే వాళ్ల గుర్తు.

గడప మీద బతుకు

చెప్పుకోవడానికి ఏడే సూత్రాలు. పాటించడమే కష్టం. ఎక్కువ భాగం 'చేయకూడదు' అనేవే. మరి చేయాల్సిందేమిటి? పండగ ఏది? పెళ్లి ఎవరు చేయాలి? పోయినవాళ్లను ఏ మంత్రంతో సాగనంపాలి? పాత చర్చికి వెళ్లలేరు. సినగాగులో కూర్చోవచ్చుగానీ ఆ సమాజంలో సభ్యులు కారు. శనివారపు విశ్రాంతిదినాన్ని యూదుల్లా పూర్తిగా పాటించవద్దని సంప్రదాయ రబ్బీలు అంటారు. దీపం పెట్టుకుని కీర్తనలు చదువుకుంటే తప్పేమిటని కొందరు అడుగుతారు. వీళ్లకోసం వేరే ప్రార్థన పుస్తకాలు వచ్చాయి. 'ఇది మమ్మల్ని రెండో వరసలో కూర్చోబెట్టడం కాదా' అని బాధపడి చివరికి మతం మారినవాళ్లూ ఉన్నారు, విసిగి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

మొదటి సూత్రం వినగానే మనకూ ఓ సందేహం వస్తుంది. ఇంటింటా పూజగది ఉన్న దేశం సంగతేమిటని! ఈ ప్రశ్న పెద్దల మధ్యకూ వచ్చింది. 2007లో ఢిల్లీలో, 2008లో జెరూసలెంలో హిందూ ఆచార్యులూ యూదు రబ్బీలూ కలిసి కూర్చున్నారు. హిందువులు కొలిచేది ఒకే పరమాత్మను, రూపంలోనూ అరూపంలోనూ... అన్న మాట జెరూసలెం ప్రకటనలో చేరింది. మన బృందానికి పెద్ద స్వామి దయానంద సరస్వతి. యూదు పండితులంతా దీంతో ఏకీభవించారని కాదు. కానీ మాట్లాడుకోవడం మొదలైంది.

రాతి గుడారం

లివోర్నో పాత సినగాగు ఐరోపాలోకెల్లా గొప్ప మందిరాల్లో ఒకటిగా పేరుపడింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి పాడైపోయింది. అదే చోట 1962లో కొత్తది లేచింది. వాస్తుశిల్పి ఆంజెలో ది కాస్ట్రో దాన్ని కాంక్రీటుతో గుడారంలా మలిచాడు. ఎడారిలో ఇజ్రాయెలీయులు మోసుకు తిరిగిన దేవుడి గుడారానికి అది గుర్తు. ఒకప్పుడు ఊరి జనాభాలో పదోవంతు దాకా ఉన్న యూదులు ఇప్పుడు కొన్ని వందలమందే. లోపల చూడాలంటే ముందుగా చెప్పి వెళ్లాలి.

చూడలేకపోయినా ఫరవాలేదు. ముందున్న కూడలిలో కాసేపు నిలబడవచ్చు. ఆ కూడలి పేరు బెనమొజెగ్. లోపలికొస్తానన్న మనిషికి, ఉన్నచోటే ఉండి మంచిగా బతకవచ్చని చెప్పిన గురువు పేరు తలుపు బయటే రాసి ఉంది.