ఖాళీగా వదిలిన గళ్లు

కీసర దారిలో ఉన్న ఆ వృద్ధాశ్రమానికి ముందుగా చెప్పకుండా, సాయంత్రం ఆరు దాటాక వెళ్లాను. పొద్దున పదకొండింటికి ఏ హోమైనా బాగానే ఉంటుంది. అప్పటికి స్నానాలు అయిపోయి, నేల తుడిచి, మేనేజరు సీట్లో ఉంటారు. పగటి డ్యూటీ వాళ్లు బ్యాగులు సర్దుకుంటూ, రాత్రి డ్యూటీ వాళ్లు అప్పుడే వస్తూ, మరోపక్క భోజనాలు పెట్టాల్సిన వేళ చూడాలి. మూడేళ్ల కిందట నాకీ సంగతి తెలియదు.

అప్పుడు నాన్నని ఉంచిన చోట లిఫ్టు ఉండేది, ఏసీ గదులుండేవి. మంచం పక్కన అట్టకి ఒక చార్టు వేలాడుతుండేది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టినట్టు వరసగా సంతకాలు. ఒక్క గడీ ఖాళీ ఉండేది కాదు. అది చూసి నిశ్చింతగా ఇంటికొచ్చేదాన్ని. ఓ రోజు నాలుగున్నరకి వెళ్తే ఆరు గంటల గడిలోనూ, ఎనిమిది గంటల గడిలోనూ అప్పటికే సంతకాలున్నాయి. దుప్పటి తీసి నాన్నని పక్కకి తిప్పాను. నడుం కింద ఎముక దగ్గర అరచేతిలో సగమంత పుండు. మాట పడిపోయిన మనిషి, నొప్పని ఎవరికి చెప్పుకుంటాడు?

ఇప్పుడు వెతుకుతున్నది పెద్దమ్మ కోసం. అమ్మకి అక్క. పిల్లల్లేరు. పక్షవాతం వచ్చాక కుడి చెయ్యీ కాలూ స్వాధీనంలో లేవు, మాట ఒక్కొక్కటే కూడదీసుకుని వస్తుంది. ఎత్తి కూర్చోబెట్టడం నా వల్ల కావడం లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

గుమ్మంలో ఫినాయిల్ వాసన ఘాటుగా లేదు. ఘాటుగా ఉంటే దేన్నో కప్పుతున్నారేమోనని నాకు అనుమానం. ఆడవాళ్ల హాల్లో ఒక మంచం దగ్గర మాత్రం ఒంటేలు వాసన వచ్చింది. ముప్పై మందికి పైగా పెద్దవాళ్లున్న ఇంట్లో అది తప్పు కాదు. అరగంట తర్వాత మళ్లీ అటు నడిచాను. పక్కగుడ్డ మార్చేశారు, వాసన లేదు.

భోజనాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో, ఒక అమ్మాయి మంచం తల వైపు ఎత్తి, బామ్మగారిని నిటారుగా కూర్చోబెట్టి, తను స్టూలు మీద ఆమె కళ్లకి ఎదురుగా కూర్చుంది. మెత్తగా కలిపిన పప్పన్నం, చిన్న చెంచా. "మింగావా అమ్మమ్మా? నోరు చూపించు" అని చూశాకే రెండో చెంచా. ఒక గిన్నెడు అన్నానికి ఇరవై అయిదు నిమిషాలు. మింగడం కష్టమైన వాళ్లకి నిలబడి గబగబా కుక్కితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానివల్ల వచ్చే న్యుమోనియా ప్రాణం తీయొచ్చు. తిన్న వెంటనే పడుకోబెట్టనూ కూడదు. ఈమె పడుకోబెట్టలేదు. దిండు సర్ది, "కాసేపు ఇలాగే ఉండు, నేనొస్తా" అని పక్క మంచానికి వెళ్లింది.

నీళ్ల గ్లాసులు చూశాను. నాలుగు మంచాల దగ్గర చేతికందేలా ఉన్నాయి, రెండింటి దగ్గర కిటికీ గట్టు మీద ఉన్నాయి. చిన్న సంగతి కాదిది. వయసు మీద పడ్డాక దాహం తెలియడం తగ్గుతుంది. పైగా బాత్రూంకి తీసుకెళ్లమని మాటిమాటికీ అడగాల్సి వస్తుందని నీళ్లే మానేస్తారు. దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్, అది ముదిరితే అయోమయం. ఇంట్లోవాళ్లు మతి పోయిందనుకుంటారు. గ్లాసుల మాట చెప్తే మేనేజరమ్మ సాకులు చెప్పలేదు, తనే వెళ్లి అందేలా పెట్టింది.

చివరి మంచంలో మాట్లాడలేని ఒక పెద్దావిడ. మడమలు చూడొచ్చా అని ముందు ఆవిడనే అడిగాను. కళ్లతో ఊ అన్నారు. అటెండెంటు ముందు తెర లాగి, ఆ తర్వాతే దుప్పటి తీసింది. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనపడదు, వేడిగానో గట్టిగానో ఉందేమో తాకి చూడాలి. ఆవిడ మడమల్లో వేడీ లేదు, గట్టిదనమూ లేదు.

ఇక చార్టు. మొన్న రాత్రి రెండు గంటల గడీ, నాలుగు గంటల గడీ ఖాళీ. ఎందుకని అటెండెంటుని అడిగాను. "ఒక తాతగారికి ఆయాసం వచ్చింది మేడం. ఉన్నది ఇద్దరమే. తిప్పలేకపోయాం, అందుకే రాయలేదు" అంది. ఆ ఖాళీ గళ్లు చూశాక నాకు గుండె కుదుటపడింది. ముప్పై నాలుగు మందికి రాత్రి ఇద్దరే అన్నది మంచి లెక్క కాదు. ఆ మాట మేనేజరమ్మకి గట్టిగానే చెప్పాను. కానీ జరగనిది జరిగినట్టు రాయని చోటు ఇది.

న్యూజెర్సీలో ఉండే తమ్ముడు ఫోన్లో, దీనికి రేటింగ్ ఎంత అని అడిగాడు. అక్కడ 2008 నుంచి ప్రభుత్వమే నర్సింగ్ హోములకి ఒకటి నుంచి అయిదు దాకా స్టార్లు ఇస్తోంది. తనిఖీలు, సిబ్బంది, పడక పుండ్ల లాంటివి లెక్కలోకి తీసుకుంటారు. అక్కడా మొదట్లో సిబ్బంది లెక్క హోములు తాము చెప్పుకున్నదే. 2018 నుంచి జీతాల రికార్డుల్లోంచి తీస్తున్నారు. మన దేశంలో 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది పేద వృద్ధులు పట్టే ఆశ్రమాలు రాష్ట్రాలు పెట్టవచ్చంటుంది. సేవల ప్రమాణాలు నిర్ణయించే పని కూడా వాటికే వదిలింది. స్టార్లు చూసుకునే వీలు మనకి లేదు, మనమే వెళ్లి దుప్పటి ఎత్తి చూడాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు నేను చూసొచ్చిన ఆశ్రమం హాల్లో పెద్ద అక్షరాల్లో, మంచం మీంచి కనపడే ఎత్తులో రాసుంది. ఫిర్యాదుకి దారి తామే చూపించారు.

ఇంటికొచ్చి పెద్దమ్మకి చూసినవన్నీ చెప్పాను. చాలాసేపు విని, మాట కూడదీసుకుని, "కాఫీ... ఎన్నింటికి?" అంది.

అది అడగలేదు నేను. వెంటనే ఫోన్ చేశాను. ఆరున్నరకి ఇస్తామంది మేనేజరమ్మ. పెద్దమ్మ నలభై ఏళ్లుగా అయిదింటికి తాగుతుందని చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు.

"ఇస్తామని ఇప్పుడే చెప్పలేనమ్మా. ఆ వేళకి పక్కలు మారుస్తుంటారు, ఆవిడని కూర్చోబెట్టి తాగించాలి కదా. రాత్రి డ్యూటీ అమ్మాయిల్ని అడిగి రేపు చెప్తాను" అంది.

పెద్దమ్మ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని ఏమందని అడుగుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను.