మూఢంలోనూ వడ్డీ ఆగదు

"ఏమప్పా, పెండ్లిళ్లకు పోయేటోడివి, పిల్లోళ్ల ఆటసామాను తెచ్చుకున్యావే!"

2023లో పదిమంది బంధువుల ముందు మా బావ అన్న మాట ఇది. అప్పుడు నా చేతిలో ఉన్నది కానన్ ఈఓఎస్ ఆర్50. ఆయన కొనమన్నది అదే కంపెనీవాళ్ల ఆర్6 మార్క్ 2. అప్పు కూడా ఆయనే కుదిర్చాడు, తెలిసినవాళ్ల దగ్గర, నూటికి రెండు రూపాయల వడ్డీకి. "చేతిలో కెమెరా చూసే పెండ్లి ఇస్తారు రా, ఫోటోలు ఎవురు చూస్తారు?" అన్నాడు. నేను వినలేదు. కానీ ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నన్ను చిన్నబుచ్చినందుకే కాదు. బద్వేలు, పోరుమామిళ్ల చుట్టుపక్కల మా పెండ్లి ఫోటోల పనిలోకి కొత్తగా వచ్చే ప్రతి కుర్రాడికీ ఎవరో ఒక బావ ఇదే సలహా ఇస్తున్నాడు. విన్నవాళ్లు వడ్డీలు కడుతున్నారు. అందుకే నా లెక్క మొత్తం ఇక్కడ విప్పి పెడుతున్నాను.

అప్పటి ధరలు చూడండి. ఆర్6 మార్క్ 2 బాడీ ఒక్కటే సుమారు 2,44,000. దానికి తగ్గ 24-105 ఎఫ్4 లెన్సు 1,06,000. కార్డులు, బ్యాటరీలకు 20,000. వెరసి 3,70,000. ఆర్50 అయితే కిట్ లెన్సుతో కలిపి 76,000. 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు 20,000. ఫ్లాష్, దానికి అడాప్టర్, కార్డులు, బ్యాటరీలు అన్నీ కలిపి 24,000. మొత్తం 1,20,000. నా దగ్గర ఉన్నదీ సరిగ్గా అంతే. తేడా 2,50,000. ఆ తేడా అంతా అప్పే.

ఈ ధరల్లోనే 18 శాతం జీఎస్టీ ఉంది. 2019 జనవరికి ముందు అది 28 శాతం, ఆ మేరకు నయమే. కానీ ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటని మాలాంటి వాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోరు కాబట్టి ఆ పన్ను వెనక్కి రాదు. పెద్ద బాడీలో పన్ను వాటాయే 37,000 పైచిలుకు. చిన్న కిట్‌లో పదకొండున్నర వేలు.

ఇక వడ్డీ. రెండున్నర లక్షలకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు 5,000. ఏడాదికి 60,000. ఇప్పుడు రాబడి వైపు రండి. మా దగ్గర స్టూడియోల తరఫున హైరింగ్‌కు పోతే, పెద్ద కెమెరా ఉన్నవాడికి ఒక పెండ్లికి నాకంటే 1,500 ఎక్కువ ఇస్తారు. ముహూర్తాలు బాగున్న ఏడాదిలో సుమారు 40 పెండ్లిళ్లు దొరుకుతాయి. 40 పెండ్లిళ్లకు 1,500 చొప్పున 60,000. అంటే పెద్ద కెమెరా అదనంగా సంపాదించిన ప్రతి రూపాయీ వడ్డీకే సరి. అసలు మాత్రం అట్లే కూర్చుంటుంది. 2023 నడిమధ్య ఆ అప్పు తీసుకుని ఉంటే 2025 చివరికి 30 నెలల వడ్డీ లక్షన్నర కట్టేవాణ్ని, అయినా రెండున్నర లక్షల బాకీ పైసా తగ్గేది కాదు.

బ్యాంకు అప్పయితేనో అంటారేమో. ముద్ర పథకంలో కిశోర్ కింద 5 లక్షల దాకా పూచీ లేకుండా ఇస్తారు. 12 శాతం వడ్డీకి మూడేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా 8,304, ఏడాదికి 99,648. అదనపు రాబడి 60,000 పోను ఏటా 39,648 నా మామూలు సంపాదనలోంచి తీసి కట్టాలి. మూడేళ్లకు ఆ లోటు ఒక లక్షా 19 వేలు. దాంతో దాదాపు ఇంకో ఆర్50 కిట్ మొత్తం వస్తుంది.

ఇదంతా ముహూర్తాలు ఉన్న ఏడాది లెక్క. 2024 సంగతి మా పనిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. ఏప్రిల్ చివర్లో శుక్ర మూఢం పట్టింది. మే మొదట్లో గురు మూఢం తోడైంది. మామూలుగా ఊపిరాడనంత పని ఉండే మే, జూన్ నెలల్లో కల్యాణ మండపాలకు తాళాలు. జూలైలో శుక్ర మూఢం వీడేసరికి ఆషాఢం. ఆగస్టు 5న శ్రావణం మొదలయ్యాకే మళ్లీ పెండ్లిపందిళ్లు లేచాయి. మూడు నెలలకు పైగా పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు తప్ప పని లేదు. మళ్లీ 2025 నవంబరు చివరి నుంచి 2026 ఫిబ్రవరి నడుమ దాకా అదే కథ. మూఢం పెండ్లిళ్లను ఆపుతుంది గానీ వడ్డీని ఆపదు. 2024లో ఆ మూడు నెలలూ తెలిసిన స్టూడియోల వాళ్లు కొందరు వడ్డీ కట్టడానికి ఇంట్లో బంగారం కుదువ పెట్టారు. నేను ఇంట్లో పడుకుని పాత ఆల్బమ్ పనులు పూర్తి చేసుకున్నాను.

ఫోటో నాణ్యత మాటేమిటి అంటారు. అదీ లెక్కలోనే చెబుతాను. రెండు కెమెరాలకూ 24.2 మెగాపిక్సెళ్లే. తేడా సెన్సార్ సైజులో. పెద్దదాని సెన్సార్ విస్తీర్ణం సుమారు 860 చదరపు మిల్లీమీటర్లు, చిన్నదానిది 332. అంటే పెద్దదానికి దాదాపు 2.6 రెట్లు వెలుగు అందుతుంది. ఈ లాభానికి ఆ బాడీకీ, కిట్ లెన్సుతో కలిపి నా ఆర్50కీ మధ్య తేడా లక్షా 68 వేలు. లెన్సు దగ్గర చూడండి. కిట్ లెన్సును 45 ఎంఎంకు తిప్పితే ఎపర్చర్ ఎఫ్6.3 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం లెన్సుకు ఎఫ్1.8 ఉంది. వెలుగు 12 రెట్లు. దీనికి పెట్టింది 20,000.

కలసపాడు వైపు ఒక పల్లెలో తెల్లవారుజామున ముహూర్తం. పందిట్లో నాలుగు ట్యూబ్‌లైట్లు. తలంబ్రాలు పోసుకుంటున్నారు. షటర్ 125 కంటే తగ్గిస్తే చేతులు చెదిరిపోతాయి. కిట్ లెన్సుతో ఐఎస్ఓ 12,800 అడుగుతోంది, అంటే మొఖాల మీద ఇసుక చల్లినట్టు గింజలు. 50 ఎంఎం తగిలించాను, ఐఎస్ఓ వెయ్యికి దిగింది. వధువు చేతిలోంచి జారే పసుపు బియ్యం గింజ గింజగా పడింది. అదే చోట మా బావ కొనమన్న పెద్ద బాడీ, ఎఫ్4 లెన్సు ఉంటే ఐఎస్ఓ 5,000 కావాలి. పెద్ద సెన్సార్ వల్ల వచ్చే మేలు కలిపినా నా కెమెరాలో రెండు వేలతో తీసినట్టుంటుంది. నా వెయ్యే శుభ్రం. అదే 50 ఎంఎం లెన్సు పెద్ద బాడీకి తగిలిస్తే అదే గెలుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ గెలుపు పెండ్లివారి ఆల్బమ్‌లో కనిపించేంత పెద్దది కాదు. పగటిపూట గండికోటలో ప్రీ వెడ్డింగ్ షూట్ చేస్తే ఏ ఫోటో ఏ కెమెరాదో తీసినవాడే చెప్పలేడు.

పెద్ద కెమెరాలో నిజంగా డబ్బు పెట్టదగినది వేరే ఉంది. దానికి రెండు కార్డులు పడతాయి. ఒకటి చెడినా రెండోదాంట్లో ఫోటో భద్రం. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించి తీయలేం కదా. ఆర్50కి ఒకటే కార్డు, అదీ అడుగున బ్యాటరీ పక్కన. స్టాండు మీదున్నప్పుడు మార్చాలంటే కిందికి దింపి, ప్లేటు విప్పాలి. బాడీలో స్టెబిలైజేషన్ లేదు. వీడియో 4కేలో సెకనుకు 30 ఫ్రేములే, పెద్దదానికి 60. అందుకే ఆరుబయట రాత్రి పెండ్లి, పెద్ద బడ్జెట్ పెండ్లి ఒప్పుకున్నప్పుడు రెండు కార్డుల ఫుల్ ఫ్రేమ్ కెమెరా అద్దెకు తెస్తాను. రోజుకు 2,500. ఏడాదికి పన్నెండుసార్లు తెచ్చినా 30,000, వడ్డీలో సగం. అదీ ముందే మాట్లాడుకుని పెండ్లివారి బిల్లులోనే వేస్తాను. మిగతా పెండ్లిళ్లకు చిన్న చిన్న కార్డులు పెట్టుకుని ఒక్కో తంతుకు ఒకటి మారుస్తాను.

సెకండ్ హ్యాండ్ బాడీ, సోనీ, నికాన్ కూడా చూశాను, లెక్క పెద్దగా మారలేదు.

మోడళ్ల సంగతి ఇంకోటి. ఆర్6 వచ్చింది 2020లో, మార్క్ 2 2022లో, మార్క్ 3 2025 నవంబరులో. మూడేళ్ల వాయిదాలు ఒడవకముందే కొత్త మోడల్ దిగింది. అప్పు పాతబడదు, కెమెరా పాతబడుతుంది.

ఇక వడ్డీ బాధ లేని నేను ఏం చేశాను? 2023 అక్టోబరులో పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ తెరిచాను. వడ్డీ 6.7 శాతం. నెలకు 5,000 చొప్పున ఐదేళ్లు కడితే చేతికి 3,56,830 వస్తుంది. పని లేని నెలలో వాయిదా తప్పినా నూటికి ఒక రూపాయి రుసుముతో తర్వాత కట్టుకోవచ్చు, నాలుగుకు మించి తప్పకూడదంతే. అదే 5,000 వడ్డీగా పోతే ఐదేళ్లకు మూడు లక్షలు కట్టి కూడా రెండున్నర లక్షల బాకీతో నిలబడేవాణ్ని. డిపాజిట్‌గా పోతే ఆ పెద్ద కెమెరా డబ్బు దాదాపు మొత్తం చేతిలో ఉంటుంది. అప్పుడు కొంటాను, రొక్కం పెట్టి.

అప్పు చేసి బోరు మీద బోరు వేసిన రైతులను చూస్తూ పెరిగినవాణ్ని నేను. నీళ్లు పడ్డాయా లేదా అన్నది అప్పిచ్చినవాడికి అక్కరలేదు, తేదీకి వడ్డీ వస్తే చాలు. కెమెరా అయినా అంతే. మన రాబడి పంచాంగాన్ని బట్టి నడుస్తుంది, అప్పు క్యాలెండర్‌ను బట్టి నడుస్తుంది. ఈ రెండూ కలవని చోట సంసారాలు చితికిపోతాయి. నలుగురిలో గొప్పగా కనబడాలని చేసిన ఖర్చుకు పెట్టుబడి అని పేరు పెట్టుకున్నంత మాత్రాన అది సంపాదించి పెట్టదు.

కెమెరా కొనబోయే తమ్ముళ్లకు నా మాట ఒక్కటే. దుకాణానికి పోయే ముందు పంచాంగం తీసి రాబోయే మూడేళ్లలో ముహూర్తాలు లేని నెలలెన్నో లెక్కపెట్టండి. ఆ నెలల్లోనూ ఇల్లు గడిచి వాయిదా కట్టగలిగితే పెద్ద కెమెరా కొనండి, నేను కాదనను. కట్టలేకపోతే చిన్న బాడీ, మంచి లెన్సు, పోస్టాఫీసు పాస్‌బుక్కు. ఆ మూడూ చాలు.