ఏడెనిమిదులు

ఇంగ్లాండు ప్రభుత్వ బడుల్లో ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు 2022 నుంచీ ఎక్కాల పరీక్ష తప్పనిసరి. 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకండ్లు. పన్నెండో ఎక్కంతో సరి. షిల్లింగుకు 12 పెన్నీల లెక్క 1971లో పోయింది, ఆ ఎక్కం మిగిలింది. మన రూపాయికి 16 అణాల లెక్క 1957లో పోయింది. పదహారో ఎక్కం మేమూ వల్లించాం.

మా పిల్లలు ఇంగ్లీషులోనే వల్లిస్తారు. మేము మాత్రం కొట్లో చిల్లర లెక్కపెడుతూ లోలోపల "ఏడెనిమిదులు యాభై ఆరు" అనుకుంటాం.

24 జంతికలు ముగ్గురికీ, నలుగురికీ, ఆరుగురికీ సమంగా వస్తాయి. అయిదుగురికైతే నాలుగు మిగులుతాయి. కారణాంకాల పాఠం ఇంతే. దాన్ని వంటింట్లో తెలుగులోనే చెబుదాం. లేకుంటే సెలవుల్లో అమ్మమ్మ ఎక్కం అప్పజెప్పమన్నప్పుడు, లెక్క వచ్చిన పిల్లలే తెల్లమొహం వేస్తారు.